తిట్టడానికి మిగలాల్సిన ఊపిరి

మొదట ఒక తప్పు దిద్దాలి. పదకొండో రోజు భోజనాలయ్యాక మా వాకిట్లో కూర్చుని, వక్కాకు నములుతూ, మీరందరూ ఒకే గొంతుతో అన్నారు: "పాపం, ఈ వయసులో అంత నడకేమిటికి? నడిచి నడిచే గుండె ఆగిపోయె." అప్పుడు నా రెండు చేతుల నిండా ఎంగిలాకులు ఉన్నాయి కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు చేతిలో కలం ఉంది.

మా వదినె నడుస్తూ పోలేదు. మా వదినె, అంటే మా ఇంటాయనకు అక్క, పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున, టౌను ఆసుపత్రి ఆడవాళ్ళ వార్డులో, కిటికీ పక్క మంచం మీద, పడుకునే పోయింది. చేరిన మూడో రోజు. గుండెపోటు అన్నది నిజం. నడక వల్ల అన్నది మీ సొంత కల్పన.

ఆ కల్పన మాటల దగ్గరే ఆగి ఉంటే నేను ఈ కాగితం పాడుచేసేదాన్ని కాదు. పొద్దున నడిచే ఆడవాళ్ళం మన మిల్లు లైన్ ఇండ్లలో ఏడుగురం ఉండేవాళ్ళం. ఒకరు పోయారు, ఆరుగురం ఉండాలి. నెల దాటింది, నడుస్తున్నది నేనొక్కదాన్నే. మిగతా ఐదుగురికీ సక్కర జబ్బు ఉంది. ఐదుగురూ బుద్ధిగా అరుగెక్కి కూర్చున్నారు, ఆమెకు మర్యాద చేస్తున్నట్టు. ఆమె చూసి ఉంటే ఆ మర్యాద ఏ రకమో గట్టిగా చెప్పి ఉండేది.

అందుకని మన సంఘం పత్రికలో రెండు పేజీలు అడిగి తీసుకున్నాను. తమిళ బడిలో చదివి తెలుగు అక్షరం రాని వాళ్ళు ఎవరి చేతనైనా చదివించుకోండి. చదివి వినిపించేవాళ్ళు తమను గురించి రాసిన చోట దాటవేయకుండా చదవండి.

వదినె పదహారో ఏట మిల్లుకు పోయింది. వైండింగు సెక్షన్. కండెల మీది నూలును కోనుల మీదికి చుట్టే మిషను, ఈ కొస నుంచి ఆ కొసకు మన లైనంత పొడుగుంటుంది. దారం తెగిన చోటికి పోవాలి, ముడి వేయాలి, అంతలో ఇంకో చోట తెగుతుంది, అక్కడికి పోవాలి. షిఫ్టంతా అదే పని. ముడి వేయడానికి ఆమెకు చూడాల్సిన అవసరం లేదు. కన్ను మేస్త్రీ మీద, నోరు పక్క మిషను పిల్ల మీద, వేళ్ళు దారం మీద. ఆ చప్పుడులో వినపడాలని పెంచిన గొంతు ఇంటికొచ్చినా తగ్గలేదు. ఉప్పు ఉందా అని ఆమె మెల్లగా అడిగితే మూడో ఇంటివాళ్ళు ఉప్పు తెచ్చి ఇచ్చేవాళ్ళు. నేను మిల్లు బడిలో టీచరును. నలభై మంది పిల్లల నోళ్ళు మూయించడం నా ఉద్యోగం. ఈ ఒక్క మనిషి నోరు మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్క పూట కూడా మూయించలేకపోయాను.

సక్కర ఉందని తెలిసిన ఏడాదే ఆమె సర్వీసు ముగిసింది. మా పక్కింట్లోనే ఆమె, ఆమె కొడుకు. ఇంటికొచ్చి వాకిట్లో నాపరాయి మీద కూర్చుంది. నాలుగేళ్ళు లేవలేదు. స్నానానికీ భోజనానికీ లేచింది అనుకోండి, దాన్ని నేను లేవడం కింద రాయను. లైనులో ఎవరు ఎక్కడికి పోతున్నారు, ఎవరింట్లో పాలు పొంగి పోయాయి, ఎవరి కోడలు ఎన్ని గంటలకు లేచింది, అంతా ఆ రాయి మీద నుంచే పర్యవేక్షణ. లేచి నడవమంటే ఒకటే జవాబు. "నేను నడవాల్సిందంతా మిల్లులోనే నడిచేసినానమ్మా. ఏడు జన్మాలకు చాలు."

మన మిల్లు మనుషులందరికీ ఉన్న నమ్మకం ఇదే. ఊరగాయ జాడీలో పెట్టుకున్నట్టు పాత నడక ఒంట్లో ఎక్కడో ఊరుతూ ఉంటుందని, కావలసినప్పుడు తీసుకోవచ్చునని. ఆ నాలుగేళ్ళలో ఆ జాడీలో నుంచి వచ్చిందేమిటో నేను చూశాను. మారెమ్మ గుడి మెట్లు మూడే. మూడెక్కి, దేవతకు మొక్కే ముందు స్తంభాన్ని పట్టుకుని రొప్పేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులో దూరేవి కావు. పంపు దగ్గర నుంచి ఇద్దరి బిందెలూ నేనే మోసేదాన్ని. మోస్తున్నప్పుడు బిందె వంగిందని ఆమె అక్కడ రాయి మీద నుంచే దిద్దేది.

ఒక రోజు మిల్లు డిస్పెన్సరీకి ఈడ్చుకుపోయాను. డాక్టరమ్మ తమిళావిడ, బక్కపలచని మనిషి, ఓర్పు తక్కువ. అక్కడ నీలం మందునీళ్ళలో మనం చాటుకు పోయి సీసాలో పట్టి ఇచ్చింది నాలుగు చుక్కలు వేసి కాస్తారు. పచ్చగా మారితే కొంచెం సక్కర, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగైతే తిట్లు. మా వదినెది బట్టీలో నుంచి అప్పుడే తీసిన ఇటుక.

డాక్టరమ్మ ఆ గాజు గొట్టాన్ని ఆమె కళ్ళ ముందు పట్టుకుని చెప్పింది. "అమ్మా, ఈ సక్కర రక్తం పోయే దోవలన్నీ లోపల గరుకు చేస్తుంది. వయసులో ఉన్నన్నాళ్ళూ ఆడవాళ్ళ గుండెకు ఒంట్లోనే ఒక కావలి ఉంటుంది. నెలసరి నిలిచినాక ఆ కావలి పోతుంది. సక్కర ఉన్నవాళ్ళకు అంతకు ముందే సగం పోయి ఉంటుంది. ఇప్పుడు నేనిచ్చే మాత్రతోపాటు మీ గుండెకు పని చేసేది మీ కాళ్ళే. రోజూ అర్ధగంట నడవండి."

"నా కాళ్ళు ముప్పై ఏళ్ళు చేసినాయి గదా డాక్టరమ్మా."

"ముప్పై ఏళ్ళు అన్నం కూడా తిన్నారు గదా. ఈ పొద్దు మళ్ళీ ఏమిటికి తింటిరి?"

నేను ఏళ్ళుగా మూయించలేని నోటిని ఆమె ఒక్క ప్రశ్నతో మూయించింది. అట్లాంటిది నేను అంతకు ముందు చూడలేదు. డాక్టరమ్మ కాళ్ళకు మొక్కుదామా అనిపించింది, కానీ నా ఎదురుగా మేజా ఉంది.

మేం లేచి నిలబడ్డాక డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. "ఇది కూడా వినండి. సక్కర ఉన్న ఆడవాళ్ళకు గుండెకు ఏమైనా వస్తే ఛాతీలో నొప్పే రావాలని లేదు. ఊపిరి ఆడకపోవచ్చు. ఊరికే చెమట పట్టవచ్చు. దవడ లాగవచ్చు, కడుపు మందంగా ఉండవచ్చు, చెప్పలేని అలుపు రావచ్చు. ఇట్లాంటిది ఏది కొత్తగా వచ్చినా ఆ పొద్దే రండి. మరుసటి రోజు కాదు."

"సరి, సరి" అన్నాము ఇద్దరమూ. అప్పటికే వదినె సంచి భుజానికి తగిలించుకుంది, నాకు ఆ పొద్దు సూలూరులో పని, మనసు పోవాల్సిన బస్సు మీద ఉంది. నడక మాటను ఇంటికి తెచ్చుకున్నాము. ఈ రెండో మాటను ఆమె మేజా మీదే వదిలేసి వచ్చాము. ఈ తప్పు నాది. చదువుకున్నదాన్ని నేను.

ఇక నడక. మొదలుపెట్టడానికి అడ్డం వచ్చింది కాళ్ళు కాదు, మీరు. మన లైనులో ఆడమనిషి రోడ్డు మీద కనపడితే "ఏడికి?" అని అడగడం మర్యాద. ఆ ప్రశ్నకు ఒక ఊరి పేరో ఇంటి పేరో జవాబుగా ఉండాలి. మొదటి రోజు ఆమెను నలుగురు అడిగారు. నాలుగో మనిషికి విసుగెత్తి, "ఏడికీ లేదు, చుమ్మా, ఊరికే నడుస్తా ఉండాను" అనింది. సాయంత్రం ముగ్గురు నా దగ్గరికి వచ్చారు, కొడుకుతో ఏమైనా మాటా మాటా వచ్చిందా, మనిషి బాగానే ఉండాదా అని గొంతు తగ్గించి అడగడానికి. పని లేకుండా నడిచే ఆడదానికి మతి అయినా పోయి ఉండాలి, మనసైనా విరిగి ఉండాలి. మన లైనులో మూడో కారణానికి చోటు లేదు.

మరుసటి రోజు ఆమె తూక్కు పట్టుకుని బయలుదేరింది, పాలకూ గంజికీ మనం పట్టుకుపోయే మూత గిన్నె. చేతిలో అది ఉంటే ఎవరూ అడగరు. కానీ తూక్కు పట్టుకున్న మనిషి ఏదో ఒక ఇంటికి పోవాలి. పోతే ఆ ఇంట్లో కాఫీ ఇస్తారు. కాఫీ తాగకుండా లేస్తే వాళ్ళింటి మీద మనకేదో కోపం ఉన్నట్టు. సక్కర లేకుండా కలిపితే వాళ్ళకు మన మీద కోపం ఉన్నట్టు. మా వదినె మర్యాద తెలిసిన మనిషి.

రెండు వారాల తర్వాత డిస్పెన్సరీలో ఇటుక ఇంకా ముదిరింది.

"నడుస్తున్నారా లేదా?" అనింది డాక్టరమ్మ.

"ఒగ రోజు తప్పలేదు."

"ఎంతసేపు?"

"నాలుగు ఇండ్లు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీద పోలియో పటం వైపు చూశాను. మెల్లగా అంతా బయటపడింది. ఇంటికొక కాఫీ, నాలుగో ఇంట్లో మనవరాలు పుట్టిన సంతోషానికి కేసరి, అది నెయ్యి ఎక్కువై గొంతుకు అడ్డం పడిందని ఇంకొక కాఫీ.

దోవలో చెప్పాను, "కాఫీ వద్దని చెప్పేయండి వదినె. సక్కర అని చెప్పండి, అర్థం చేసుకుంటారు."

"చెప్పినాక వాళ్ళింట్లో పెండ్లికి నన్ను పిలిపించేది ఎవరు? నువ్వా?"

పరిష్కారం కూడా ఆమే కనిపెట్టింది, పదిహేను రోజులు రాయి మీద కూర్చుని. పొద్దున మొదటి షిఫ్టుకు మిల్లు సంగు ఊదే వేళ ఒకటి ఉంది గదా. సైరన్ మోగిందంటే ఇంటింటా పొయ్యి దగ్గర యుద్ధం. క్యారియరు మూత దొరకదు, చొక్కాకు బొత్తాం లేదు, ఒకరి చెప్పు ఇంకొకరు వేసుకుని పోయారు. ఆ అరగంటలో దేవుడు వచ్చి వాకిట్లో నిలబడినా కాఫీ ఇచ్చే నాథుడు లేడు. ఆమె ఆ అరగంటను పట్టుకుంది. లైను జనమంతా గేటు వైపు పరుగెత్తుతుంటే, వాళ్ళకు ఎదురుగా మా వదినె పత్తి గోడౌను రోడ్డు వైపు నడిచేది. చూసినవాళ్ళు, పాత అలవాటు, పాపం, సంగు ఊదితే కాళ్ళు ఆగడం లేదు అనుకున్నారు. ఆ దయకు ఆమె అభ్యంతరం చెప్పలేదు. కాఫీ కంటే నయం.

మూడో రోజు నన్ను లాగింది. "నువ్వూ రాయే."

"నాకు సక్కర లేదు."

"వచ్చేదాకా కాచుకోనుండాల్నా? నాకు మాట్లాడను మనిషి కావాల."

ఎంత వేగంగా నడవాలి అన్నది ఇంకో పంచాయితీ. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగం అని డాక్టరమ్మ చెప్పింది. మా వదినె పుట్టి బుద్ధెరిగాక పాట పాడలేదు. ఆమె తన పద్ధతికి మార్చుకుంది. నడుస్తూ మిల్లులోని పాత మేస్త్రీని తిట్టడం మొదలుపెట్టేది, ఎప్పుడో ఆమె ముడి వదులుగా ఉందన్న మనిషిని. తిట్టు పొడుగ్గా, సాఫీగా, అలంకారాలతో వస్తే మేం మెల్లగా నడుస్తున్నట్టు. ముక్కలు ముక్కలుగా వస్తే సరిగ్గా ఉన్నట్టు. మాటే రాకపోతే ఆగి గోడ పట్టుకోవాలి. "తిట్టను ఊపిరి మిగలాల" అనేది. "అది కూడా మిగలకపోతే అది నడక కాదే, పరుగు. పరుగెత్తి మనమేం పట్టుకోవాల ఈ వయసులో?"

ఒక్కొక్కరే చేరారు. మీలో ఎవరెప్పుడు చేరారో నేను రాయను, మీకు తెలుసు. ఒక్క కొస ఇంటి పెద్దమ్మ గురించి రాస్తాను. ఆమె భర్త పోదనూరు రైల్వేలో చేసి రిటైరై ఇక్కడికి వచ్చి చేరాడు. పెద్దమ్మ మెత్తని మనిషి, ఆదివారం చర్చి తప్పదు, నోట ఒక్క కటువు మాట రాదు.

"నాకు తిట్టను రాదే అక్కా" అనింది మొదటి రోజు.

"ఎవుర్నీనా?"

"ఎవుర్నీ."

"నీ మొగుణ్ణి కూడానా?"

పెద్దమ్మ ఆలోచించింది. ఆలోచించిందంటే అర్థమేమిటో మాకందరికీ తెలిసింది, కానీ ఆమె తల అడ్డంగా ఊపింది.

"సరి, అట్లయితే జపం చెప్పుకో. బిగ్గరగా చెప్పు, నాకు ఇనపడాల." ఆ రోజు నుంచి గోడౌను రోడ్డు మీద ముందు ఏసుప్రభువు, వెనక మేస్త్రీ, ఇద్దరూ కలిసి నడిచారు.

ఏడాదిలో ఆమె పాదాల ఉబ్బు తగ్గింది. పంపు దగ్గర నా చేతిలో నుంచి తన బిందె లాక్కుని తనే మోసుకుపోయింది, నేను మోసే తీరు ఇన్నేళ్ళూ ఎంత తప్పో చూపించడానికి. రెండు మాత్రలు ఒకటయ్యాయి. గాజు గొట్టం మొదటిసారి పచ్చగా మారిన రోజు డిస్పెన్సరీ నుంచి ఇంటి దాకా దారిలో కనపడిన ప్రతి మనిషికీ చెప్పింది, కూతురు పరీక్ష పాసైనట్టు. "పచ్చ వచ్చె." గేటు వాచ్‌మన్‌కు కూడా చెప్పింది. పాపం, అతను ఏం పచ్చ అని అడిగాడు. ఆమె విడమరచి చెప్పింది. అతను రెండు రోజులు మా వైపు చూడలేదు.

నడిచి వచ్చాక మా ఇంటాయన గడ్డం గీసుకునే అద్దం తీసుకుని అరికాళ్ళు చూసుకునేది. ముల్లు గుచ్చుకున్నా సక్కరవాళ్ళకు తెలియదని డాక్టరమ్మ చెప్పిన ఆ మాట మాత్రం గట్టిగా పట్టుకుంది. కళ్ళు తిరిగితే నోట్లో వేసుకోడానికి చీర కొంగున చిన్న బెల్లం ముక్క కట్టుకునేది. శుక్రవారం శుక్రవారం, కళ్ళు తిరగకపోయినా, ఆ ముక్క మాయమయ్యేది. నేను కొంగు చూసి, "ముక్క ఏది?" అనేదాన్ని. "చీమలు" అనేది. ఆమె కొంగు దాకా ఎక్కి, ముడి విప్పి, మళ్ళీ కట్టి పోయే చీమలు మా లైనులోనే ఉంటాయి.

ఇట్లా తొమ్మిదేళ్ళు. ఇప్పుడు మీరు వినాల్సింది, మీరు విననిది.

ఆమె పోయిన ఆ వారం, మంగళవారం పొద్దున కూడా సంగుతోపాటే బయలుదేరాము. మిగతా ఐదుగురూ ఎప్పటిలాగే నాలుగడుగులు ముందున్నారు. పాల సైకిలువాడు గుంటలో నీళ్ళు మా చీరల మీదికి చిమ్మి పోయాడు. మామూలుగా అయితే అది గోడౌను మలుపు దాకా తిట్టడానికి సరిపడే సరుకు. వదినె పక్కకు జరిగి నిలబడింది, అంతే. తర్వాత మేస్త్రీ మీద తిట్టు కూడా రాలేదు. ఆ పొద్దు నాకు పిట్టల కూతలు వినపడ్డాయి. తొమ్మిదేళ్ళుగా ఆ రోడ్డున నడుస్తున్నాను, అక్కడ పిట్టలున్నాయని నాకు తెలియదు. ఎంత బాగుంది ఈ పొద్దు అనుకున్నాను. మీరు నమ్మండి, నేను అట్లాగే అనుకున్నాను.

రెండు చోట్ల ఆగింది. అడిగితే, "నిన్నటి వడ అడ్డం పడుండాది" అనింది. చేతితో దవడ రుద్దుకుంటూ, "పన్ను" అనింది. ఇంటికి వచ్చి ఓమం నీళ్ళు తాగింది, పంటికి లవంగం పెట్టుకుంది, మూటెడు బట్టలు ఉతికి ఆరేసింది. పది గంటలకు చాప వేసుకుని పడుకుంది. ఆ వేళప్పుడు ఆమె పడుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. కిటికీలో నుంచి చూసి, పోనీ విశ్రాంతి తీసుకోనీ అని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చాను. ఇంత మర్యాద నేను ఆమెకు ఎప్పుడూ చేయలేదు. చేసిన ఒక్కసారీ అట్లా చేశాను.

మరునాడు సంగుకు ముందే మా గడప దగ్గర నిలబడి ఉంది. చలికాలం. రవిక వీపంతా చెమటతో తడిసి అతుక్కుపోయింది. "ఈ పొద్దు నడక వద్దులేమే" అని కూర్చుంది. అప్పుడు, ఆ డాక్టరమ్మ మేజా మీద వదిలేసి వచ్చిన మాట, అక్షరం పోకుండా గుర్తొచ్చింది.

మిల్లు వ్యానులో తీసుకుపోయాము. టౌను ఆసుపత్రిలో కుర్ర డాక్టరు గుండె గ్రాఫు కాగితం రెండుసార్లు చూసి, "ఇది నిన్నటిది" అన్నాడు. "నిన్ననే ఎందుకు తీసుకురాలేదు?" అని అడిగాడు. నిన్నటి పాఠం ఎందుకు రాయలేదని నేను నా జీవితమంతా పిల్లలను నిలబెట్టి అడిగాను. వాళ్ళు ఎందుకు నేల చూసేవాళ్ళో ఇప్పుడు తెలిసింది.

గురువారం సాయంత్రం ఆమెకు కొంచెం తెరిపి వచ్చింది. నన్ను దగ్గరికి రమ్మంది.

"మంగళారం నేను ఒగ మాటన్నా అంటినా?"

"లేదు వదినె."

"నీకు బాగుండె గదా."

అబద్ధం చెప్పడానికి వేళ కాదు. "బాగుండింది" అన్నాను.

"ఉంటాది." కళ్ళు మూసుకుంది. తెరవకుండానే, "మాట రాకపోతే ఆగాలని మనం పెట్టుకున్న రూలే గదమే. నేనూ మరిచిపోతి, నువ్వూ మరిచిపోతివి. అంతమందికి పాఠం చెప్పినదానివి" అనింది.

ఆ తర్వాత ఇంకో మాట కూడా అనింది. అది మీ గురించి. "చూడు, నేను పోతే వాళ్ళు నడక నిలిపేస్తారు. కొస ఇంటిది మొదట నిలుపుతాది, భయం దానికి. నిలపనియ్యద్దు."

"నిలపనియ్యను."

"నీ మాట ఎవురింటారు. నీకు తిట్టను సరిగ్గా రాదు."

ఆమె నాతో చెప్పిన చివరి మాట ఇదే. ఆమె అంచనాలో తప్పున్నట్టు నాకింకా రుజువు దొరకలేదు.

పదకొండో రోజు డాక్టరమ్మ కూడా వచ్చింది, మీరు ఆమెను చూశారు, నమస్కారం పెట్టారు, ఒక్కరూ ఏమీ అడగలేదు. నేను అడిగాను. నడక వల్లనా అని సూటిగా అడిగాను. "నడవకపోతే ఎన్నేళ్ళు ఉండేది, నడిచినందుకు ఎన్నేళ్ళు ఉండింది అని నేను లెక్క చెప్పలేను. చెప్పేవాళ్ళను నమ్మకండి. సక్కర తగ్గింది, ఊపిరి బాగైంది, ఇది నా కళ్ళతో చూశాను. నడక ఆమెకు చెరుపు చేయలేదు. ఆ ఒక్క రోజు బాధను దాచుకోవడమే చెరుపు చేసింది" అనింది. నడక నిలిపినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టవచ్చునా అని అడిగాను. ముందు గుండె గ్రాఫు తీయించుకోమనండి, తర్వాత పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచమనండి, నడకలో ఊపిరి ఆడకపోయినా, దవడ లాగినా, ఆ క్షణమే ఆగి, ఆ గంటలోనే నా దగ్గరికి రమ్మనండి అనింది.

మీ సాకులు నాకు చేరుతూనే ఉన్నాయి. ఒకరికి మోకాలు. ఆ మోకాలే పోయిన వారం టూరింగు టాకీసుకు పోయి వచ్చింది, రెండో ఆట. ఒకరికి కోడలు వద్దంటోందట. ఇరవై ఏళ్ళలో కోడలు చెప్పిన మాట ఒక్కటి విని ఉంటే ఆ ఇంట్లో ఎంత శాంతిగా ఉండేదో. ఒకరు పొద్దున చలిగాలి గుండెకు మంచిది కాదంటున్నారు, అదే గాలిలో కూర్చుని వాకిట్లో గంటసేపు ముగ్గు పెడుతున్నారు. కొస ఇంటి పెద్దమ్మ మాత్రం సాకు చెప్పలేదు. గోడ మీద నుంచి, "నాకు భయమే చెల్లీ" అనింది. ఆ ఒక్క మాటకు నా దగ్గర తిట్టు లేదు. నాకూ భయమే. ఒక్కదాన్నే నడుస్తున్నాను, తిట్టడానికి పక్కన ఎవరూ లేరు, నా ఊపిరి సరిగ్గా ఉందో లేదో నాకెట్లా తెలుస్తుంది? నేను మౌనంగా ఉంటే అది అలుపో, అలవాటో చెప్పేదెవరు? ఆమె మౌనాన్ని నేను పట్టుకోలేకపోయాను. మీలో ఒకరిదైనా పట్టుకోవాలంటే మీరు నా పక్కన ఉండాలి.

కాబట్టి ఇది చేయండి. వచ్చే బుధవారం పొద్దున టౌను నుంచి గుండె గ్రాఫు మిషను మన డిస్పెన్సరీకి వస్తోంది, డాక్టరమ్మ అడిగి తెప్పిస్తోంది. ఈ కాగితం చదివిన వాళ్ళలో ఎవరైనా ఒకరు సోమవారం లోపల కాంపౌండరు దగ్గరికి పోయి ఆరుగురి పేర్లూ రాయించండి. నా పేరు మొదట రాయించండి, లేకపోతే మీరు రారు. మంగళవారం తలంటి పోసుకుంటారు గదా, పోసుకోండి, కానీ ఒంటికి నూనె పట్టించకండి, మిషను బిళ్ళలు జారిపోతాయట. ముందు వైపు హుక్కులున్న రవిక వేసుకోండి. వేసుకునే మాత్రల చీటీ మరిచిపోకండి. లోపలికి పోయే ముందు మెడలో ఉన్నవి తీయమంటారు. తాళి తీయక్కర్లేదు, పక్కకు జరిపితే చాలునని మాట్లాడి పెట్టాను. మిగతా గొలుసు తీసి బయట బెంచీ మీద ఉన్న మనిషి చేతికి ఇవ్వండి. పట్టుకున్నవాళ్ళు దాన్ని సంచిలో వేయకండి. గుప్పెట్లో మూసి పెట్టుకుని కూర్చోండి. లోపలికి పోయినామె బయటికి వచ్చి చేయి చాచేసరికి ఆ గొలుసులో మెడ వేడి ఇంకా ఉండాలి.